నడిస్తే చెప్పు జారుతుంది, పడుకుంటే ఊపిరాడదు: ఒక టైటిన్ కేసు

రోగిని గుర్తుపట్టే వీలు లేకుండా వయసు, వృత్తి, కుటుంబ వివరాలు మార్చి రాసిన కేసు ఇది. నాలుగేళ్ళలో నాలుగు పేర్లు మారిన జబ్బు. చివరికి తేలిన కారణం శరీరంలోకెల్లా పెద్ద ప్రొటీన్ అయిన టైటిన్‌లో ఒకే ఒక అమినో ఆమ్లం మారడం.

నేపథ్యం

నలభై దాటిన పురుషుడు, రోజంతా నిలబడి చేసే పని. మొదటి ఫిర్యాదు: నడుస్తుంటే కుడికాలి చెప్పు తనకు తెలియకుండానే జారిపోతోంది. రెండడుగులు వేశాక చూసుకుంటే చెప్పు వెనక ఉంటోంది. మన దగ్గర ఫుట్ డ్రాప్‌ని (పాదం పైకి లేవకపోవడాన్ని) ముందుగా పట్టించేది చెప్పే. బూటు వేసుకునేవాళ్ళలో ఆ సంగతి ఇంకొంత కాలం దాగుతుంది.

నడుము ఎంఆర్ఐలో ఎల్4-5 దగ్గర డిస్క్ ఉబ్బు కనిపించింది. నలభై దాటినవాళ్ళ నడుము స్కాన్ చేస్తే ఏదో ఒక డిస్క్ ఉబ్బి ఉండటం మామూలే. ఆపరేషన్ చేయించుకోమన్నారు, ఆయన ఒప్పుకోలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు, స్పర్శ చెక్కుచెదరలేదు. ఏడాది తిరిగేసరికి ఎడమ కాలు కూడా అలాగే అయింది. నరం నొక్కుకుపోయిందన్న వాదన అక్కడే వీగిపోవాల్సింది.

రెండో ఏడాది సీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 420 వచ్చింది (ఆ ల్యాబ్‌లో పై హద్దు 200). ఈఎంజీలో (కండరాల విద్యుత్ పరీక్షలో) కండర వ్యాధి నమూనాతో పాటు ఫిబ్రిలేషన్లు (తంతువులు వాటంతటవే అదరడం) కనిపించాయి. పిక్క నుంచి తీసిన బయాప్సీలో అక్కడక్కడ చచ్చిన తంతువులు, వాటి చుట్టూ కొద్దిగా లింఫోసైట్లు. పాలీమయోసైటిస్ (కండరాల మంట జబ్బు) అని రాసి, రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, వారానికి 15 మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు. ఐదు నెలల్లో 9 కిలోల బరువు పెరిగింది, షుగర్ వచ్చింది, గొంతుక్కూర్చుని లేవడం అంతకు ముందుకన్నా కష్టమైంది.

మూడో ఏడాది పొద్దున్నే తలనొప్పి, పగలంతా కునికిపాట్లు. నిద్ర పరీక్షలో శ్వాస పలచబడిన ఘట్టాలు చాలా కనిపించడంతో స్లీప్ అప్నియా అని సీప్యాప్ (ఒకే పీడనంతో గాలి పంపే మాస్క్ యంత్రం) 8 సెంటీమీటర్ల పీడనంతో ఇచ్చారు. రెండు వారాలకే తీసి పక్కన పెట్టేశారు. నాలుగో ఏడాది జ్వరం, కఫంతో ఆసుపత్రిలో చేరితే నిమిషానికి 6 లీటర్ల ఆక్సిజన్ పెట్టారు. సాచురేషన్ 98కి చేరింది, అందరికీ ధైర్యం వచ్చింది. తెల్లవారుజామున లేపితే లేవలేదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయింది: పీహెచ్ 7.20, కార్బన్ డయాక్సైడ్ 92, బైకార్బొనేట్ (కార్బన్ డయాక్సైడ్ చాలాకాలం పేరుకుంటే పెరిగే క్షారం) 35. నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉండి బయటపడ్డారు. మా న్యూరోమస్క్యులర్ క్లినిక్‌కి వచ్చింది ఆ తర్వాతే.

మొదటి రోజు చూసినవి

"పండుకుంటే ఛాతీ మీద ఎవలో కూసున్నట్టుంటది సార్. కుర్చీల కూసొనే నిద్రపోత" అన్నారు. ఇలా చెప్పేవాళ్ళని ఇంకో ప్రశ్న అడగాలి: చెరువులోనో కోనేటిలోనో ఛాతీ దాకా దిగితే ఎలా ఉంటుంది? దిగగానే ఊపిరి అందదని, రెండేళ్ళుగా దిగడమే మానేశానని చెప్పారు. నీళ్ళు పొట్టని లోపలికి నొక్కినప్పుడు ఆ ఒత్తిడికి ఎదురు నిలవాల్సింది డయాఫ్రమ్, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరం. అది బలహీనమైతే నీళ్ళలో దిగిన క్షణంలోనే తెలుస్తుంది. గుండె ఫెయిల్యూర్ ఆయాసం, డయాఫ్రమ్ ఆయాసం రెండూ పడుకుంటే పెరుగుతాయి, కాని డయాఫ్రమ్‌ది వెల్లకిలా పడుకున్న నిమిషంలోపే మొదలవుతుంది.

పరీక్షలో మెడ వంచే కండరాల బలం 5కి 2: వెల్లకిలా ఉండి తల దిండు మీద నుంచి ఎత్తలేరు. పాదం పైకెత్తే టిబియాలిస్ యాంటీరియర్ 2. తొడ ముందు కండరాలు దాదాపు మామూలుగానే ఉన్నాయి. ముఖం, కనురెప్పలు, నాలుక మామూలే. పడుకోబెట్టి చొక్కా తీసి చూస్తే, ఊపిరి తీసుకున్నప్పుడు పొట్ట ఉబ్బడానికి బదులు లోపలికి పోతోంది. ఖర్చులేని ఈ పరీక్ష నాలుగేళ్ళలో ఎవరూ చేసినట్టు కాగితాల్లో లేదు. చాలా ఓపీల్లో రోగి కుర్చీలో కూర్చునే వస్తాడు, కుర్చీలో కూర్చునే వెళ్తాడు.

కూర్చుని ఊదితే ఎఫ్‌విసి (నిండా పీల్చి బలంగా వదిలిన మొత్తం గాలి) 1.92 లీటర్లు, పడుకుని ఊదితే 1.17. అంటే 39 శాతం తగ్గుదల. ఆరోగ్యవంతుల్లో 10 శాతం లోపు ఉంటుంది, 25 దాటితే డయాఫ్రమ్‌ని అనుమానించాల్సిందే. లోపలికి పీల్చే గరిష్ఠ పీడనం మైనస్ 32 సెంటీమీటర్లు. అల్ట్రాసౌండ్‌లో డయాఫ్రమ్ రెండు వైపులా ఊపిరితో పాటు మందం కావడం లేదు.

గది గాలిలో తీసిన ధమని రక్తంలో పీహెచ్ 7.38, కార్బన్ డయాక్సైడ్ 54, ఆక్సిజన్ 66, బైకార్బొనేట్ 31. ఇక్కడ ఒక చిన్న లెక్క వేయాలి. పీల్చిన గాలిలోని ఆక్సిజన్ పీడనం 150 నుంచి, 54ను 0.8తో భాగించి తీసేస్తే, గాలితిత్తుల్లో ఉండాల్సింది 82.5. రక్తంలో ఉన్నది 66. తేడా 16.5, ఆ వయసుకి మామూలే. అంటే ఊపిరితిత్తి బాగానే ఉంది, దాన్ని ఊదే తిత్తి పాడైంది. ఈ లెక్క వేసి ఉంటే ఆక్సిజన్ ఒక్కటే ఇవ్వడం ఎందుకు ప్రమాదమో ఆ రాత్రే తెలిసేది. పాత కాగితాలు తిరగేస్తే మూడేళ్ళ నాటి ఎలక్ట్రోలైట్ రిపోర్టులో బైకార్బొనేట్ 30 ఉంది. సోడియం, పొటాషియం కింద గీత గీసి, దాన్ని వదిలేశారు.

జాబితా కుదించడం

నడవగలిగే మనిషికి ఊపిరి కండరాలు ముందే పడిపోయే జబ్బులు ఎక్కువ లేవు. అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది పాంపే (ఆల్ఫా గ్లూకోసిడేజ్ ఎంజైమ్ లోపం), ఎందుకంటే దానికి ఎంజైమ్ చికిత్స ఉంది. ఎండు రక్తపు చుక్కలో ఆల్ఫా గ్లూకోసిడేజ్ మామూలుగా వచ్చింది. మయస్తీనియా (నరం సంకేతం కండరానికి సరిగా అందని జబ్బు) కోసం 3 హెర్ట్జ్ దగ్గర నరాన్ని పదేపదే ప్రేరేపించి చూస్తే తగ్గుదల లేదు. నాలుకలో అదురు లేదు, ఈఎంజీ నరానిది కాదు కండరానిది, కనుక ఏఎల్ఎస్ (కదలిక నరాలు చచ్చిపోయే జబ్బు) కాదు. పిడికిలి బిగించి వదిలితే వేళ్ళు వెంటనే తెరుచుకుంటున్నాయి, కనుక మయోటానిక్ డిస్ట్రఫీ కాదు.

భారతీయుల్లో ఫుట్ డ్రాప్, తొడ ముందు కండరాలు మిగలడం కలిసి కనిపిస్తే మొదట గుర్తు రావాల్సింది జీఎన్ఈ మయోపతి (జీఎన్ఈ జన్యువులో తప్పుతో వచ్చే కండర వ్యాధి). కాని జీఎన్ఈలో డయాఫ్రమ్ ఇంత త్వరగా పోదు. డిస్‌ఫెర్లిన్ లోపంలో సీకే వేలల్లో ఉంటుంది. మిగిలింది మయోఫిబ్రిలార్ మయోపతులు (తంతువు లోపలి అల్లిక చెదిరే జబ్బులు), వాటి పక్కనే టైటిన్.

పాలీమయోసైటిస్‌ని ఎందుకు వదిలేశామంటే, ఫిబ్రిలేషన్లు కండరపు తంతువు తెగి నరంతో సంబంధం పోయిన ఏ జబ్బులోనైనా వస్తాయి, చచ్చిన తంతువు చుట్టూ శుభ్రం చేయడానికి వచ్చిన కణాలు మంటకి రుజువు కావు. మయోసైటిస్ మొదట పట్టేది తుంటి, భుజాలని, పాదాన్ని కాదు. ప్రెడ్నిసొలోన్‌ని పది వారాల్లో మెల్లగా దించేశాం. ఆ కాలంలో గొంతుక్కూర్చుని లేవడం కొంత మెరుగుపడింది, అంటే ఆ బలహీనతలో ఒక పాలు మందుదే.

కుటుంబ చరిత్ర దగ్గర అందరూ ఒకే చోట తడబడ్డారు. అమ్మానాన్నలది మేనరికం. కాగితం మీద ఆ మాట కనిపించగానే ఆలోచన రెసెసివ్ జబ్బు (తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ తప్పు ప్రతి వస్తేనే వచ్చేది) వైపు మళ్ళుతుంది. ముందు చేయించిన లింబ్ గర్డిల్ ప్యానెల్ (తుంటి, భుజాల కండర వ్యాధుల జన్యు పరీక్ష) కూడా ఆ దృష్టితోనే చదివారు, ఏమీ దొరకలేదు. కాని తండ్రి 52 ఏళ్ళకు "ఉబ్బసం"తో పోయారట. పిల్లికూతలు ఉండేవా అంటే లేవు. ఆఖరి రెండేళ్ళు మంచం మీద ఆనుకుని కూర్చునే నిద్రపోయేవారట. అక్కయ్య కాలీడుస్తూ నడుస్తుంది, ఊళ్ళో అందరూ కీళ్ళవాతమనే అనుకుంటారు. తరం తర్వాత తరం, మగా ఆడా ఇద్దరికీ: డామినెంట్, అంటే ఒక్క తప్పు ప్రతి చాలు. మేనరికం ఉన్న ఇంట్లో డామినెంట్ జబ్బు రాకూడదని ఏమీ లేదు.

తొడల ఎంఆర్ఐ ఇక్కడ దారి చూపింది. టి1 చిత్రాల్లో తొడ వెనకుండే రెండు సెమిటెండినోసస్ కండరాలూ పూర్తిగా కొవ్వుగా మారి తెల్లగా మెరుస్తుంటే, పక్కనున్న బైసెప్స్ ఫెమోరిస్ దాదాపు నల్లగానే ఉంది. మోకాలి కింద ముందువైపు, బయటివైపు గదుల్లో కొవ్వు. ఊపిరి ముందే పడిపోవడం, ఫుట్ డ్రాప్, సెమిటెండినోసస్: ఈ మూడూ కలిస్తే హెచ్‌ఎంఈఆర్‌ఎఫ్ అనే, ఊపిరి ముందుగా పడిపోయే వంశపారంపర్య మయోపతిని (కండర వ్యాధిని) వెతకాలి.

రెండో బయాప్సీ

పాత బ్లాక్‌కి మళ్ళీ రంగులు వేయిద్దామంటే అది ఫార్మలిన్‌లో పెట్టి పారఫిన్‌లో పోసినది. గొమోరి ట్రైక్రోమ్, ఎన్‌ఏడీహెచ్ లాంటి రంగులు గడ్డకట్టించిన కండరం మీదే సరిగా పలుకుతాయి. కనుక మళ్ళీ తీయాల్సి వచ్చింది. ఎక్కడి నుంచి అన్నదే ప్రశ్న. బాగా బలహీనమైన టిబియాలిస్ నుంచి తీస్తే కొవ్వూ మచ్చకణజాలమూ తప్ప ఏమీ ఉండదు. ఎంఆర్ఐలో చుక్కలు చుక్కలుగా మాత్రమే మార్పున్న వాస్టస్ లాటరాలిస్‌ని (తొడ బయటివైపు కండరాన్ని) ఎంచుకున్నాం.

సెంటీమీటరు పొడవు, అర సెంటీమీటరు మందం ముక్క. సెలైన్‌లో తడిపి గట్టిగా పిండిన గాజు గుడ్డలో (గాయాలకి కట్టే పలచటి గుడ్డ) చుట్టాలి. గుడ్డ నీళ్ళోడుతుంటే గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు తంతువుల్ని చిల్లులు పొడుస్తాయి, ఆ చిల్లుల్నే వాక్యూల్స్ (జబ్బు వల్ల ఏర్పడే ఖాళీలు) అనుకునే ప్రమాదం ఉంది. ముక్కను నేరుగా ద్రవ నైట్రోజన్‌లో వేయకూడదు. చుట్టూ ఆవిరి పొర ఏర్పడి చల్లదనం ఆలస్యంగా అందుతుంది. నైట్రోజన్‌లో చల్లార్చిన ఐసోపెంటేన్ అడుగున తెల్లగా గడ్డకట్టడం మొదలైనప్పుడు అందులో ముంచాలి.

మొదటి కోతల్లో పెద్దగా ఏమీ లేదు. లోతుగా కోసి చూస్తే కొన్ని తంతువుల అంచున, పొర కిందే, ఊదా ఎరుపు గుండ్రని ముద్దలు హారంలా వరుసకట్టి ఉన్నాయి. ఇవి సైటోప్లాస్మిక్ బాడీలు, తంతువులో పోగుపడిన ప్రొటీన్ ముద్దలు. విడిగా ఒకటీ రెండూ చాలా జబ్బుల్లో కనిపిస్తాయి. హారంలా పేర్చినట్టు కనిపిస్తే మాత్రం హెచ్‌ఎంఈఆర్‌ఎఫ్ వైపే చూపిస్తాయి. ఉన్నవి నూటికి మూడు నాలుగు తంతువుల్లోనే. రెండు కోతలు చూసి ఆపేసి ఉంటే ఈ బయాప్సీ కూడా మొదటిదానిలాగే "నిర్దిష్టంగా ఏమీ లేదు" అయ్యేది.

పెద్ద జన్యువులో చిన్న తప్పు

టైటిన్ ఎంత పెద్దదో తెలిస్తేగాని తర్వాతి చిక్కు అర్థం కాదు. డుషెన్ డిస్ట్రఫీకి కారణమైన డిస్ట్రోఫిన్ 427 కిలోడాల్టన్లు, 3,685 అమినో ఆమ్లాలు. టైటిన్ జన్యువు 364 ఎక్సాన్లు (ప్రొటీన్‌ని రాసే ముక్కలు), అన్నీ కలిపి రాస్తే 35,991 అమినో ఆమ్లాలు, దాదాపు 4,000 కిలోడాల్టన్లు. ఒకే అణువు సార్కోమియర్ (కండరం ముడుచుకునే చిన్న యూనిట్) అంచునుండే జెడ్ డిస్క్ నుంచి మధ్యనుండే ఎం గీత దాకా, అందులో సగం పొడవునా, ఒక మైక్రోమీటరు పైనే సాగుతుంది. ఐ బ్యాండ్‌లో అది స్ప్రింగ్: కండరం సాగాక తిరిగి తన పొడవుకి రావడం చాలావరకు దాని పనే. ఏ బ్యాండ్‌లో అది కొలబద్ద: మయోసిన్ తంతువుకి అంటుకుని ఏది ఎక్కడుండాలో నిర్ణయిస్తుంది. మొత్తం దాదాపు 300 చిన్న డొమైన్లు, ఒక్కోటి వంద అమినో ఆమ్లాల ముడి.

హెచ్‌ఎంఈఆర్‌ఎఫ్‌ని తెచ్చే మార్పులన్నీ ఆ 300లో ఒక్క డొమైన్‌లోనే గుమిగూడతాయి: ఏ బ్యాండ్‌లోని 119వ ఫైబ్రోనెక్టిన్ డొమైన్, 344వ ఎక్సాన్. ఆ ముడి సరిగా పడక, తప్పుగా మడతపడిన టైటిన్ పోగుపడుతుంది. మంచి ప్రతి ఒకటి ఉన్నా కాపాడదు, అందుకే డామినెంట్. ఇది తేలడానికీ సమయం పట్టింది. 2005లో స్వీడన్ కుటుంబాల్లో టైటిన్ కైనేజ్ భాగంలోని మార్పే కారణమని ప్రచురించారు. 2012లో వేరే కుటుంబాల్లో 119వ డొమైన్ మార్పులు బయటపడ్డాక తిరిగి చూస్తే, ఆ స్వీడన్ కుటుంబాల్లోనూ ఉన్నది ఇదే.

ఇక ఎక్సోమ్ (ప్రొటీన్లు రాసే జన్యుభాగాలన్నిటినీ చదివే పరీక్ష) రిపోర్టు. "వ్యాధికారక వేరియంట్ ఏదీ దొరకలేదు." ఇంత పొడవైన జన్యువులో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా అరుదైన మిస్‌సెన్స్ మార్పులు (ఒక అమినో ఆమ్లం బదులు ఇంకొకటి వచ్చేవి) ఒకటికి మించి ఉండటం మామూలే. అందుకని ల్యాబులు టైటిన్ మిస్‌సెన్స్‌లని గంపగుత్తగా పక్కన పెడతాయి. అలా చేయకపోతే ప్రతి రిపోర్టూ టైటిన్‌తో నిండిపోతుంది, కనుక వాళ్ళని తప్పుపట్టలేం. ఫిర్యాదు చేయడానికి బదులు, వడగట్టని వేరియంట్ ఫైలు ఇమ్మని, 344వ ఎక్సాన్ మీద ఎన్నిసార్లు చదివారో చెప్పమని లిఖితంగా అడిగాం. ఫైలులో టైటిన్ మిస్‌సెన్స్‌లు ఐదున్నాయి. వాటిలో ఒక్కటే 344వ ఎక్సాన్‌లో: 30071వ సిస్టీన్ స్థానంలో ఆర్జినిన్.

ఈ సంఖ్య ప్రచురిత వ్యాసాల్లో కొన్నిట్లోనే కనిపిస్తుంది. కొత్త డేటాబేసుల్లో వెతికితే దొరకదు, ఎందుకంటే అది 34,350 అమినో ఆమ్లాల పాత క్రమం ప్రకారం వేసిన సంఖ్య. ఇప్పుడు వాడే ఎన్ఎం 001267550 క్రమంలో మొత్తం 35,991. తేడా 1,641. 30071కి 1,641 కలిపితే 31712. అంటే హెచ్‌ఎంఈఆర్‌ఎఫ్‌లో ఎక్కువ కుటుంబాల్లో దొరికిన మార్పే ఇది. డీఎన్ఏ స్థాయిలో కూడా అంతే: పాత 90211, కొత్త 95134, తేడా 4,923, అది 1,641కి మూడింతలు. ఇంకో ఉచ్చు కూడా ఉంది. వ్యాసాల్లో టి స్థానంలో సి అని రాస్తారు, జీనోమ్ ఫైలులో ఏ స్థానంలో జీ కనిపిస్తుంది. టైటిన్ జన్యువు రెండో క్రోమోజోమ్ మీద వెనక పోగు మీద ఉంది గనుక అక్షరాలు తిరగబడతాయి.

సాంగర్ పద్ధతిలో (ఆ ఒక్క చోటునే మళ్ళీ చదివి) నిర్ధారించాం. అక్కయ్యలో మార్పు ఉంది. యాభై ఎనిమిదేళ్ళ, ఏ లక్షణమూ లేని అన్నయ్యలో లేదు. బయాప్సీ ముక్క నుంచి టైటిన్‌ని జెల్ మీద నడిపి చూద్దామా అన్న ఆలోచన వచ్చింది గాని వదిలేశాం. 1 శాతం అగరోస్ జెల్ మీద మెగాడాల్టన్ల ప్రొటీన్ కదులుతుంది నిజమే, కాని ఒక్క అమినో ఆమ్లం మారిన బరువు తేడా అందులో కనిపించదు. ప్రొటీన్ మధ్యలో తెగిపోయిందని అనుమానం ఉన్నప్పుడే ఆ శ్రమకి అర్థం.

పనిచేసినవి

ఈ జబ్బుని మాన్పే మందు లేదు. మనిషిని నిలబెట్టేది రాత్రి బైప్యాప్ (పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ పీడనం ఇచ్చే యంత్రం). సీప్యాప్ ఎందుకు పనికిరాలేదంటే, అది వాయుమార్గాన్ని తెరిచి ఉంచుతుంది, ఊపిరిని ఊదదు. బలహీనమైన డయాఫ్రమ్ మీద అది అదనపు బరువు కూడా.

ఎస్టీ మోడ్‌లో (మనిషి పీల్చకపోయినా యంత్రమే ఊదే పద్ధతిలో) లోపలికి 10, బయటికి 4, కనీస శ్వాసల సంఖ్య 14తో మొదలుపెట్టాం. గొంతు మూసుకుపోయే సమస్య లేదు కనుక బయటి పీడనం 4 దాటించలేదు. లోపలి పీడనాన్ని రెండు మూడు రోజులకి 2 చొప్పున 18 దాకా పెంచాం. ఒక్కో ఊపిరికి లక్ష్యం ఆయన ఆదర్శ బరువు కిలోకి 8 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 500. బలం లేని పీల్పుని కూడా యంత్రం గుర్తించేలా ట్రిగ్గర్ బాగా సున్నితంగా పెట్టాలి, లేకపోతే మనిషి పీలుస్తాడు, యంత్రం ఊరుకుంటుంది. ముఖమంతా కప్పే మాస్క్ మీసాల దగ్గర గాలి వదిలింది. ముక్కు మాస్క్, గడ్డం పట్టీతో సర్దుకుంది. ఆరు వారాల్లో కార్బన్ డయాక్సైడ్ 54 నుంచి 45కి, బైకార్బొనేట్ 31 నుంచి 27కి దిగింది. తలనొప్పి మొదటి వారంలోనే పోయింది.

కరెంటు పోతే? ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ బ్యాటరీ పెట్టించాం. కరెంటు పోయిన వెంటనే హ్యూమిడిఫయర్ ఆపేయాలని ఇంట్లో వాళ్ళకి నేర్పాం. కరెంటు తినేది ఆ హీటరే, అది లేకపోతే బ్యాటరీ రాత్రంతా వస్తుంది.

దగ్గు పీక్ ఫ్లో (దగ్గినప్పుడు గాలి గరిష్ఠ వేగం) నిమిషానికి 190 లీటర్లు. 270 లోపు ఉంటే జలుబే న్యుమోనియాగా ముదరొచ్చు. దగ్గు యంత్రం ఖరీదు అందుబాటులో లేదు. అంబూ బ్యాగ్‌తో (చేత్తో నొక్కి గాలి ఊదే సంచి) ఊపిరి వదలకుండా మూడు నాలుగుసార్లు నింపి, ఆపై దగ్గడం భార్యకి నేర్పాం. రోజుకి రెండు పూటలా పదేసిసార్లు. నింపాక దగ్గితే 280 వచ్చింది. కాళ్ళకి ఏఎఫ్ఓ (పాదాన్ని పైకి పట్టి ఉంచే పట్టా) ఇచ్చాం, కాని అది చెప్పులో కూర్చోదు. మడమ పట్టీ ఉన్న శాండల్ కొనిపించేదాకా ఒక్కరోజూ వేసుకోలేదు.

జేబులో ఒక కార్డు ఉంటుంది: ఆక్సిజన్ ఒక్కటే ఇవ్వవద్దు, బైప్యాప్‌తో కలిపి సాచురేషన్ 88 నుంచి 92 మధ్య ఉంచాలి, మత్తు ఇచ్చేటప్పుడు సక్సినైల్‌కొలీన్ (కండరాలని సడలించే మందు) వాడవద్దు.

టైటిన్ పేరు చూడగానే గుండె డాక్టర్లు కలవరపడటం సహజం. టైటిన్‌ని మధ్యలో తెంపే మార్పులు డైలేటెడ్ కార్డియోమయోపతికి (గుండె సాగి బలహీనపడే జబ్బుకి) పెద్ద కారణమని 2012 నుంచి తెలుసు. ఈ డొమైన్ మార్పులో గుండె సాధారణంగా బాగానే ఉంటుంది. ఈయన ఎకో, హోల్టర్ మామూలుగా వచ్చాయి. అయినా ఏడాదికోసారి ఎకో చూస్తున్నాం.

క్లినిక్‌లో మార్చినవి

కండర బలహీనత ఉన్న ప్రతి మనిషినీ ఇప్పుడు పడుకోబెట్టి కూడా ఊదిస్తున్నాం, ఆయాసం ఉందన్నా లేదన్నా. రోజంతా తిరగని మనిషికి ఆయాసం రాదు. నిద్ర పరీక్ష రిపోర్టుతో వచ్చినవాళ్ళ బైకార్బొనేట్ వెతికి చూస్తున్నాం. జన్యు పరీక్ష ఫారంలో "కండర బలహీనత" అని మాత్రం రాయకుండా ఊపిరి, ఫుట్ డ్రాప్, ఎంఆర్ఐలో ఏ కండరం పోయిందో రాసి, టైటిన్ 344వ ఎక్సాన్ పేరు పెట్టి అడుగుతున్నాం. మార్పు ఏ క్రమం ప్రకారం లెక్కించారో రిపోర్టులో లేకపోతే వెనక్కి పంపుతున్నాం.

ఇద్దరు పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం ఉందని చెప్పాం. పద్దెనిమిది నిండని అబ్బాయికి పరీక్ష చేయలేదు, పెద్దయ్యాక తనే నిర్ణయించుకుంటాడు. పెద్దమ్మాయి ఆలోచించుకుని చెబుతానంది.

అక్కయ్యకి ఆయాసమే లేదన్నారు, మెట్లెక్కినా అంతే. కూర్చుని ఊదితే 2.1 లీటర్లు, పడుకుని ఊదితే 1.6. బైకార్బొనేట్ 26. ఇంకా బైప్యాప్ పెట్టలేదు, ఆరు నెలలకోసారి పడుకోబెట్టి కొలుస్తున్నాం.